మిల్లులు నిలిచిన పిమ్మట బ్లాక్‌బర్న్ పురజీవనము

గోదావరియొక్క వసిష్ఠశాఖపై నరసాపురమునకుఁ జేరువను మాధవాయపాలెమను గ్రామము కలదు. ఈస్టిండియా కంపెనీవారి నోట నా పేరు 'మడపొల్లము'గా మాఱినది. ఆ మండలమున వారికిఁ గల మూఁడు వర్తకస్థానములలో నిదియే ముఖ్యమైనది. తక్కిన రెండును బెండమూర్లంకయు, ఇంజరమును. 1833 వఱకు నిచట కంపెనీవారి వర్తకము సాగెను. అచటి సాలెవారు నేసిన మెత్తని తెల్లబట్టకు ఊరిపేరే పేరయ్యెను. వర్తకస్థానము లేచిపోయిన తరువాతఁ గూడ నా పేరు పోలేదు. అది సముద్రము దాఁటి లాంకషైరు మరమగ్గములపై నేసిన బట్టకు సంక్రమించినది. యూలు, బర్నెలు అను పండితులు 1886 లోఁ బ్రకటించిన ఆంగ్లో-ఇండియను పదకోశము మడపొల్లమును ఇంగ్లండునుండి హిందూదేశమునకు వచ్చెడి ముఖ్యమైన సరకుగాఁ బేర్కొనుచున్నది. ఇట్లు తెలుఁగు గ్రామము పేరు పెట్టుకొని పరదేశపు బట్ట ఈ దేశమునకే తిరిగివచ్చినది.

ఈ వైపరీత్యమును దలఁచినపుడు గోదావరి యొడ్డున మూలఁబడిన మగ్గములు ముందుగా స్ఫురించును, అది న్యాయమే. కాని సముద్రమున కావల ఆ బట్టను నేసినవా రెవరు, వా రెట్లు మేల్కొనిరి, ఏమి తినిరి, ఏ గడియకుఁ బనికిఁ బోయిరి, ఆ పని పోయిన పిమ్మట వారి యూరేమయ్యెను అను ప్రశ్నలును విచారింపఁదగినవే. లాంకషైరు మండలమున హిందూదేశపుఁ బంచెల వ్యాపారముతోఁ బెరిగి, ఆ వ్యాపారముతోనే క్రుంగిన పురము బ్లాక్‌బర్న్. మిల్లుల చరిత్రము యజమానుల లెక్కపుస్తకములలోను, చట్టములలోను దొరకును. మిల్లుపురపు జనుల చరిత్రమును గడియారమునుబట్టి వెదకవలయును. అట్టి పురము క్షీణించుటయు, మిల్లుతలుపులు మూసిన యొక్క దినముననే జరిగినది కాదు. జనుల దినచర్యలోని వేళ లొక్కొక్కటియే యర్థము కోల్పోయినవి. ఆ క్రమమే యీ వ్యాసమునకు విషయము.

బ్లాక్‌బర్న్ మాంచెస్టరునకు వాయవ్యమున గుట్టల నడుమ నున్నది. పడమటి సముద్రపుగాలి తేమను దెచ్చును. తేమ యున్నచోట నూలు సులభముగాఁ దెగదు. బొగ్గు సమీపమున దొరకును. 1810 లో లీడ్సు-లివర్పూలు కాలువ యూరిని జేరెను; 1816 లో నది పూర్తియై పత్తి దిగెడి రేవునకును ఊరికిని జలమార్గమేర్పడెను. మిల్లులకు మునుపు నిదియును చేమగ్గముల యూరే. ఒక్క చక్రముతో ననేకములైన కదుళ్లను త్రిప్పు 'జెన్నీ' యంత్రమును 1764 ప్రాంతమునఁ గల్పించిన జేమ్సు హార్గ్రీవ్సు ఈ యూరికి సమీపమున నున్న స్టాన్‌హిల్ నివాసి. అతని యంత్రములను ఇరుగుపొరుగువారే విఱుగఁగొట్టిరి. అతఁడు నాటింగ్‌హామునకు వలసపోయెను. 1826 ఏప్రిలులో ఆఁకలిపాలైన చేనేఁతవారు గుంపులుగా బయలుదేఱి, ఆ ప్రాంతపు మిల్లులలో వేయికిఁ బైగా మరమగ్గములను ధ్వంసము చేసిరి. చాటర్టనునొద్ద సైనికులు కాల్పఁగా ఆఱుగురు మరణించిరి. లాంకషైరు యంత్రము గోదావరి సాలెవాని నోటికూడు తీయకమునుపే లాంకషైరు సాలెవాని నోటికూడు తీసినది. ఆంధ్రదేశపు చేనేఁత చరిత్రము వ్రాయువారు ఈ సంగతిని విడువరాదు.

ఆ చేనేఁతవారి బిడ్డలును మనుమలును మరమగ్గములయొద్ద నిలిచిరి. 1907 నాఁటికి బ్లాక్‌బర్న్ పురమున 79,405 మరమగ్గములుండెను. 1911 లో పురజనులు సుమారు 1,33,000. పసిబిడ్డలను వృద్ధులను గలుపుకొని లెక్కించినను, నలువురు మనుష్యులకు రెండు మగ్గములకుఁ బైగా నుండినవన్న మాట. 1913 లో బ్రిటనునుండి విదేశములకుఁ బోయిన నూలుబట్ట దాదాపు 700 కోట్ల గజములు. అందు హిందూదేశమునకు వచ్చినది సుమారు 300 కోట్ల గజములు. బ్లాక్‌బర్న్‌వారు నేసినవి మిక్కిలిగా సాదాబట్టలును పంచెలును. 'ధోతీ' యను మాట అచటి మిల్లులలో 'ధూటీ'యై నిత్యవ్యవహారమున నుండెను. దానిని గట్టినవానిని కన్నులఁ జూచిన పనివారు మాత్రము మిక్కిలి యరుదు. బట్టకు బరువు హెచ్చించుటకై గంజిలో చీనామన్ను కలుపుట యాచారమయ్యెను. మొదటి యుదుకుతోనే మన్ను కొట్టుకొనిపోయి బట్ట పలుచనగును. కొన్నవాఁ డీ మోసమును ఉదికిన నాఁడు గ్రహించును. నేసినవానికి ప్రతిదినమును దెలియును. ఆ ధూళిని పీల్చువాఁడు వాఁడే గదా.

ఆ పురమునకుఁ దెల్లవాఱుట సూర్యునిబట్టి కాదు. గడియారము లేని యిండ్లు మిక్కుటముగా నుండిన కాలమున, వారమునకుఁ గొన్ని పెన్నీలు పుచ్చుకొని నిద్ర లేపు మనుష్యులు వీథులకు వచ్చుచుండిరి. పొడవైన కఱ్ఱకొనకుఁ దీఁగెలు కట్టి, మీఁదియంతస్తు కిటికీ యద్దముపై గీఱుట వారి వృత్తి. పిదప వీథులలో కఱ్ఱయడుగుల పాదరక్షల చప్పుడు మొదలగును. వాని యడుగున గుఱ్ఱపునాడమువంటి యినుపపట్టె బిగింపఁబడి యుండును. తలపై శాలువ కప్పుకొనిన స్త్రీలును, టోపీలు పెట్టుకొనిన పురుషులును చీఁకటిలో రాతివీథులపై నొక్క దిక్కునకు నడచునపుడు పుట్టు మ్రోఁత ఆ మండలపు వృద్ధుల స్మృతులలో నెల్ల వినవచ్చును. ఆఱు గంటలకు యంత్రము కదలును. ఎనిమిదింటికి అరగంట ఫలాహారమునకు. పండ్రెండున్నరకు గంటసేపు భోజనమునకు. సాయంకాలము అయిదున్నరకు విడుదల. 1874 చట్టముచే వారమునకు 56½ గంటల పని యేర్పడెను. 1919 లో నది 48 గంటలకుఁ దగ్గెను. పురము నడుమ 1848 లోఁ గట్టిన విపణిశాలకు గడియారగోపుర ముండెను. దాని శిఖరముననున్న స్తంభముపై నొక గోళము పండ్రెండింటికి పైకి లేచి, ఒంటిగంటకు క్రిందఁ బడుచుండెను. అపుడు ఫిరంగి మ్రోఁగును. కొన్న కూరగాయలకంటె నా గోళమే యా విపణికిఁ బ్రసిద్ధి తెచ్చినది.

శనివారపు మధ్యాహ్నము విరామమగుటచేత కాలిబంతియాట ఆ యూరికి వ్యసనమయ్యెను. 1883 లో ఇంగ్లండు దేశపు ప్రధానమైన పందెమున, ధనికుల పాఠశాలయైన ఈటనులోఁ జదివినవారి జట్టును ఓడించి గెలిచిన బ్లాక్‌బర్న్ ఒలింపిక్ జట్టులో నేఁతపనివారుండిరి. కూలివారి జట్టు ఆ పాత్రను గొనివచ్చుట కదియే మొదలు.

నేఁతశాల లోపల వందలకొలఁది మగ్గములు ఒక్కమాఱే యాడును. మాట వినఁబడదు. అందుచేత పనివారు పెదవుల కదలికతోను, ముఖచేష్టలతోను సంభాషించెడివారు. దీనిని వారు 'మీ-మా' యనిరి. ఇంటికి వచ్చిన తరువాతఁ గూడ, ముఖ్యముగా పెద్దలు పిన్నలయెదుట ననఁగూడని మాటలను, ఈ రీతినే చెప్పుకొనుచుండిరి. వీథి కావలివైపున నున్నవారి రహస్యమును ఈవలినుండి చదువఁగలుగుట ఆ పురస్త్రీలకు సహజవిద్య. చెవులు మందగించుటయు సహజమే. ఆ విద్యకు వెల యది. కండె మార్చినపుడెల్ల నాడెకుఁ గల రంధ్రమునకు నోరానించి దారమును పీల్చి లాగుట మఱియొక యాచారము. దానికి 'నాడెను ముద్దాడుట' యని పేరు. ఒకరి నోరు తాఁకిన నాడె మఱియొకరి నోటికి వచ్చును. వైద్యులు దీనిని జిరకాలము ఖండించిరి. బ్రిటనులో నది 1952 లోఁ గాని నిషేధింపఁబడలేదు. అప్పటికి నేఁతయే సన్నగిల్లుచుండెను.

సాధారణముగ నొక్కొక్కరు నాలుగు మగ్గములను జూచుచుండిరి. వారిలో నెక్కువమంది స్త్రీలు. 1853 లో నేర్పడిన 'బ్లాక్‌బర్న్ పట్టిక' నేసిన గజములనుబట్టి కూలిని నిర్ణయించెను. నేసినది పురుషుఁడో స్త్రీయో యను భేదము దాని కక్కఱలేదు. ఆ కాలపు ఇంగ్లండులో నిట్టి సమానత్వము బహుదుర్లభము. వివాహమైన పిదపఁ గూడ స్త్రీ పని మానకుండుట యిచట లోకాచారము. తన కూలిని తాను తెచ్చుకొను స్త్రీకి వోటెందుకు లేదను ప్రశ్న పుట్టుటయు సహజము. 1900 మే 1 వ తేదిని, లాంకషైరు మిల్లుస్త్రీల వోటుహక్కునకై సంతకములు గూర్చు ఉద్యమము బ్లాక్‌బర్న్ బహిరంగసభలోనే యారంభమయ్యెను. మఱుసటి వసంతమున పార్లమెంటునకుఁ జేరిన యర్జీలో 29,359 సంతకములుండెను.

మగ్గములు చెడినపుడు చక్కఁబెట్టు మేస్త్రీని 'టాక్లర్' అందురు. వానిని గూర్చిన హాస్యకథలు లాంకషైరున లెక్కకు మించి కలవు. తెలుఁగునాట పరమానందయ్య శిష్యులెట్టివారో, ఆ కథలలో టాక్లరు అట్టివాఁడు. తెలివియొక్కటి తప్ప తక్కినవన్నియు వానికిఁ గలవు. నిజమునకు వాఁడు మంచి పనిమంతుఁడు. తన చేతిక్రింది నేఁతవారి సంపాదననుబట్టి వాని జీతము పెరుగును గనుక వారిని తొందరపెట్టుచుండెను. ఎదురాడ వీలులేని నేఁతవారు వానిని కథలలో బుద్ధిహీనునిఁ జేసిరి. ఈ కథలను సేకరించినవారు వీని పుట్టుకకుఁ గారణము జీతపుఁ బద్ధతియని గమనింపకుండుట వింత.

ఇండ్లు వరుసలుగా నొకదాని నొకటి యంటి, గుమ్మములు తిన్నగా వీథికే తెఱచుకొనును. పసిబిడ్డలను వేకువనే దుప్పటిలోఁ జుట్టి అవ్వయొద్దనో, కూలికిఁ జూచు పొరుగింటనో దించి తల్లులు మిల్లుకుఁ బోవుదురు. గుమ్మపుమెట్టును వారవారము కడిగి, తెల్లని లేక పసుపువన్నె రాతితో రుద్దుట గృహిణులకుఁ బంతము. చింపిగుడ్డలు పోగుచేయు బండివాఁడు వానికి మాఱుగా నా రాయి నిచ్చును. తెలుఁగిండ్ల ముంగిట ముగ్గు లేకున్న నెట్లో, అచట మెట్టు రుద్దకున్న నట్లే. చూచినవారు ఆ యింట నేదో కీడు జరిగినదని యనుకొందురు. నిత్యము మసి రాలు నూరిలో నంతకంటెఁ దెల్లనిది మఱియొకటి గృహిణి వశమున లేదు. వంటకు వేళ చాలదు. అందుచేత వండి యమ్ము నంగళ్లు మూలమూలకును వెలసినవి: వేఁచిన చేఁపయు బంగాళాదుంప ముక్కలును, ఉడికించిన పశువుల ప్రేవులు, నల్లబఠానీలు. మిల్లుస్త్రీకి వంట చేతఁగాదని నిందించిన పెద్దమనుష్యులు ఆమె దినములో వంటకు మిగిలిన వేళను లెక్కించిన జాడ కానరాదు.

పిల్లల సంగతి యింతకంటె విచారకరము. 1874 చట్టముప్రకారము పదియేండ్ల బిడ్డ పూఁట బడికిని, పూఁట మిల్లుకును బోవచ్చును. 1893 లో నా వయస్సు పదునొకండునకును, 1899 లో పండ్రెండునకును బెరిగెను. ప్రాతఃకాలమున మిల్లు చూచిన బిడ్డ మధ్యాహ్నము బడిలో నిద్రించును. దీనిని మాన్పవలెనని ఉపాధ్యాయులు కోరఁగా, అధికసంఖ్యాకులైన పనివారే వ్యతిరేకించిరి. బిడ్డ తెచ్చు కొలఁది షిల్లింగులను వదలుకొనలేని సంసారములవి. 1918 విద్యాచట్టము వచ్చినపిదపఁ గాని యీ పద్ధతి తొలఁగలేదు. బ్లాక్‌బర్న్ ప్రక్కనున్న గ్రేటుహార్వుడు పురమున నిట్లే పదునొకండవ యేట మిల్లుకుఁ బోయిన ఎథెలు కార్నీ 1913 లో 'మిస్ నోబడీ' యను నవలను బ్రకటించెను. మిల్లుకూలి స్త్రీ నవల వ్రాయుట నాఁటి లోకమున కాశ్చర్యము.

సంవత్సరమున కొక్కమాఱు వేసవిలో వారముదినములు ఊరంతయు మూఁతపడెడిది. బాయిలర్లు చల్లాఱును, పొగ తొలఁగి చుట్టునున్న గుట్టలు కనఁబడును. ఏడాదిపొడుగునను వారమున కింతయని సంఘములలోఁ గూడఁబెట్టిన సొమ్ముతో జనులు రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రతీరమునకుఁ బోవుదురు. ఇంట ప్రక్కవారైనవారు అచటి బసలోను ప్రక్కవారే. 1938 చట్టమునకు ముందు పనివారిలోఁ జాలమందికి ఈ వారమునకుఁ గూలి లేదు. అయినను దానిని వదలిన సంసారము తక్కువ.

సాహిత్యముపట్ల నీ పురమునకుఁ గల యభిమానము చెప్పఁదగినది. 1902 లో జార్జి హల్ అనువాఁడు బ్లాక్‌బర్న్ కవులను గూర్చి యొక పెద్ద సంకలనమును బ్రకటించెను. వారిలోఁ బేరెన్నికగన్నవాఁడు విలియము బిల్లింగ్టను (1825–1884), మిల్లులో పనిచేసినవాఁడు. 1861 లో అమెరికాలో అంతర్యుద్ధము పుట్టి పత్తి రాక నిలిచిపోఁగా లాంకషైరున ఘోరమైన క్షామమేర్పడి 1865 వఱకు సాగెను. అమెరికా పత్తికి మాఱుగా సూరతు పత్తి వచ్చెను. దాని పింజ పొట్టి. మట్టియు నాకులును గలసియుండును. దారము మాటిమాటికిఁ దెగును. తెగినకొలఁదియుఁ గూలి తగ్గును. 'సూరతు' అను మాటయే నాసిరకమునకుఁ బర్యాయపదమయ్యెను. అపుడు బిల్లింగ్టను సూరతు పత్తిని నేయువాని గోడు ఊరి మాండలికముననే గీతముగా వ్రాసెను. అది ఒంటికాగితముపై నచ్చుపడి 14,000 ప్రతులు చెల్లెనని ప్రసిద్ధి. ఏ వ్యాకరణమునకును లొంగని యా పలుకుబడిని మిల్లుజనులు కంఠస్థము చేసిరన్నచో, కవిత్వభాషను గూర్చి వాదించువారు దాని నుదాహరణముగాఁ గైకొనవచ్చును. ఆ క్షామకాలముననే పని లేని మగవారిచే పురోద్యానమునకు బాటలు వేయించిరి. యువతులకుఁ గుట్టుపని నేర్పు బడులు పెట్టిరి. యుద్ధము ముగియఁగానే పత్తి వచ్చినది, పొగ మరల లేచినది. ఎంతటి కష్టమైనను తాత్కాలికమే యను నమ్మకమును ఆ క్షామము పురజనులలో మిగిల్చిపోయెను. తరువాతి కష్టమునకు వారు సిద్ధపడకుండుట కిదియు నొక కారణమని యూహింపవచ్చును. ఒక్క వ్యాపారముపైనే యాధారపడుట యపాయకరమని 1890 లోనే పురవర్తకసంఘము హెచ్చరించెను, వినినవారు లేరు.

ఆ తరువాతి కష్టము మొదటి మహాయుద్ధము ముగిసిన కొలఁది కాలమునకే వచ్చెను. బొంబాయి, అహమ్మదాబాదు మిల్లులు పెరిగినవి. లాంకషైరు మేలుకొఱకై 1896 లో హిందూదేశపు మిల్లుబట్టపై వేసిన నూటికి మూఁడున్నర వంతు పన్ను 1925-26 లోఁ దొలఁగెను. విదేశవస్త్రముపై సుంకమును 1917 లోనే మూఁడున్నరనుండి యేడున్నరకు హెచ్చించిరి. జపానుబట్ట చౌకగా దిగెను. 1930 లో విదేశవస్త్రబహిష్కారము వచ్చునప్పటికి వ్యాపారమప్పటికే కూలుచుండెను. కాని పన్నులకును ధరలకును ముఖము లేదు, బహిష్కారమునకుఁ గలదు. పురజనులనేకులు నింద నంతయు దానిపై మోపిరి. 1938 నాఁటికి బ్రిటను విదేశములకుఁ బంపిన నూలుబట్ట సుమారు 150 కోట్ల గజములకుఁ బడిపోయెను.

1931 నాఁటికి బ్లాక్‌బర్న్ పనివారిలో దాదాపు సగమునకుఁ బనిలేదు. నిద్ర లేపువానికి లేపవలసిన యిండ్లు తగ్గెను. వేకువ చప్పుడు పలుచఁబడెను. పురుషులు సంతకము పెట్టుటకై ఉద్యోగకచ్చేరి ముందు వరుసగా నిలుచుట వారి నూతనపు వేళాపట్టిక యయ్యెను. ఆ సంవత్సరాంతముననే యింటిల్లిపాది సంపాదనను విచారించి భృతి నిర్ణయించు పద్ధతి వచ్చెను. పరీక్షాధికారి యింట నడుగుపెట్టి, యెవరేమి తెచ్చుచున్నారో, అమ్మఁదగిన సామాను లేమి కలవో విచారించును. కుమారునికిఁ గూలి దొరకినచోఁ దండ్రి భృతి తగ్గును. ఇందుచేత కుమారులు వేఱింటికిఁ బోయిన కుటుంబములు కలవు. నాలుగు తరములుగా స్త్రీపురుషుల సంపాదనలు కలిసి యొక్క పొయ్యికిఁ జేరిన యూరిలో నీ విచారణ ఆఁకలికంటె నవమానకరముగాఁ దోఁచెను.

ఆ సెప్టెంబరులోనే, లండను గుండుబల్ల సమావేశమునకు వచ్చిన గాంధీమహాత్ములు బ్లాక్‌బర్న్‌ను ఆనుకొనియున్న డార్వెనునకుఁ బోయిరి. అచటి మిల్లుయజమానుల కుటుంబమొకటి వారి నాహ్వానించెను. గ్రీన్‌ఫీల్డు మిల్లు ముంగిట మహాత్ములను జుట్టుకొని చేతులెత్తి జయధ్వానము చేయుచున్న నేఁతస్త్రీల ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. వారు పనివారి కష్టమునకు సంతాపమును దెలిపిరి. కాని హిందూదేశపు గ్రామములలో సంవత్సరమున సగముకాలము పనిలేని కోట్లజనులను జ్ఞప్తికిఁ దెచ్చి, బహిష్కారమును విడువ వీలుకాదనిరి. ఆ స్త్రీలు దీనివలన నొక్క గజపు వ్యాపారమునైనఁ బొందలేదు. అయినను వారు మర్యాద తప్పలేదు. చేనేఁతవాని దారిద్ర్యమన నేమో ఆ మండలపు వృద్ధులకు తాతలనాఁటి మాటగాఁ దెలియును. ఆ మర్యాదలో నా జ్ఞాపకమునకును భాగముండవచ్చును. 1933 లో ఈ ప్రాంతమునఁ బర్యటించిన ప్రీస్ట్లీ యను రచయిత మఱుసటి యేట ప్రకటించిన 'ఇంగ్లీష్ జర్నీ' యను గ్రంథమున, పంచెల వ్యాపారము పోయిన బ్లాక్‌బర్న్‌ను వర్ణించెను.

1938 లో మల్లార్డు కంపెనీవారి రేడియో పరికరముల కర్మాగారము పురమునకు వచ్చెను. నూలుపోఁగులు పట్టిన స్త్రీల వ్రేళ్లు సన్నని తీఁగెలను బట్టుకొనెను. పనియున్నది గాని మిల్లునాఁటి వేళలు లేవు, చప్పుడు లేదు, మీ-మాకు నవసరము లేదు. రెండవ యుద్ధకాలమున ప్రభుత్వము మిల్లులఁ గొన్నింటిని మూయించి పనిని తక్కినవానిలోఁ జేర్చెను. యుద్ధానంతరము కొంతకాలము మగ్గములు మరల నాడినవి. 1958 లో బ్రిటను తానమ్ము నూలుబట్టకంటెఁ గొను నూలుబట్ట హెచ్చయ్యెను. 1959 చట్టముచే ప్రభుత్వము పాతయంత్రములను బగులఁగొట్టినవారికి సొమ్మిచ్చెను. 1826 లో మగ్గములను బగులఁగొట్టినవారికి ద్వీపాంతరశిక్ష పడెను. 1959 లో నదే పనికి నష్టపరిహారము లభించెను. చరిత్రకారు లిరువురు సుత్తెలవారిని ఒక్కచోటఁ జూచుట యరుదు.

1964 డిసెంబరులో పురపాలకులు విపణిశాల గోపురమును గడియారముతోఁ గూడఁ బడఁగొట్టిరి. నూతన విపణికై చేసిన పని యిది. జనులు మిగుల వగచిరి. గడియారముతోఁ బనిలేని కాలమున దానిపై మమకారము పుట్టుట సాధారణమే. 1967 జనవరిలో పురవీథులలో 4,000 గుంతలు గలవని లండను పత్రికలో వార్త వచ్చెను. అది బీటిల్సు గాయకుల పాటలోనికిఁ జేరఁగా, పంచెలచేత నొకప్పుడు హిందూదేశమున వినఁబడిన యూరిపేరు గుంతలచేత లోకమంతట వినఁబడెను.

ఈ దశలోనే మిల్లులకు నూతనజనము వచ్చెను. మిగిలిన యంత్రముల ధర రాఁబట్టుటకై యజమానులు రాత్రింబవళ్లు నడపఁబూనిరి. రాత్రిపనికి స్థానికులు సమ్మతింపరైరి. 1950 తరువాతి దశకములలో హిందూదేశమునుండియు, పాకిస్థానునుండియు వచ్చినవారు ఆ పనికిఁ జేరిరి. బ్లాక్‌బర్న్‌కు వచ్చినవారిలో గుజరాతు దేశపు భరూచి, సూరతు ప్రాంతములవారు పలువురు. నూఱేండ్లనాఁడు ఏ యూరి పేరు చెప్పి నేఁతవారు విసుగుకొనిరో, ఆ యూరి సీమవారే వారి మగ్గములయొద్ద రాత్రులు నిలిచిరి. మిల్లుప్రక్కన ఖాళీపడిన వరుసయిండ్లను వారు కొనిరి. ఒకరు పగలు నిద్రించిన మంచముపై మఱియొకరు రాత్రి నిద్రించు పద్ధతి మొదటి సంవత్సరములలో సామాన్యము. వారు వచ్చినందున మిల్లులు చెడెనని తరువాతి తరమువారు కొందఱనిరి. కాలక్రమమును జూచిన నిది తలక్రిందులు వాదము. వారు వచ్చినందున మిల్లులు మఱికొన్నాళ్లు నిలిచినవి.

1976 నాఁటికి పురమున నాడుచుండిన మగ్గములు 2,100 మాత్రమే. పొగగొట్టములు ఒక్కొక్కటియే నేలఁగూలెను. మిల్లుశాలలు గిడ్డంగులయ్యెను, కొన్ని సామానుల యంగళ్లయ్యెను. డార్వెనులో 1867 నాఁటి ఇండియా మిల్లుయొక్క 303 అడుగుల పొగగొట్టము, వెనీసు గంటగోపురమును బోలినది, నిలిచియున్నది. ఆ మిల్లులో వడుకుట 1991 లో నాగిపోయెను. బర్న్లీ పురసమీపమున క్వీన్‌స్ట్రీటు మిల్లు 1982 లో మూఁతపడి, ఆవిరియంత్రముతోను మగ్గములతోను ప్రదర్శనశాలయైనది. కఱ్ఱయడుగుల పాదరక్షలు నాట్యమున కుపయోగపడినవి. వేసవి సెలవులవారము మిల్లులకంటె నెక్కువకాలము బ్రతికెను.

రాత్రిపని పోయిన తరువాత ఆ వలసజనులలోఁ బలువురు టాక్సీలు నడపిరి, వీథిమూలల యంగళ్లను గొనిరి. వేకువ నాఱుగంటల పనికై పెందలకడ దీపములార్పిన వరుసయిండ్ల నడుమ, నా యంగళ్లు రాత్రి చిరకాలము తెఱచియుండెను.